ఎడమ చంకన బిడ్డ

ఆ అడుగుల్ని ముందుగా చూసింది నేనే. ఆ మాట ఎవరూ కాదనలేరు.

ఆ పొద్దున నాతో ఇద్దరు పరదేశీయులు ఉన్నారు, డెన్మార్క్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లామూ. ఆయన పేరు నాకు నోరు తిరగలేదు. ఆవిడ పేరు ఇంగ, చిన్నది కాబట్టి గుర్తుండిపోయింది. మే నెలాఖరు, మా హిస్మా ఎడారికి వచ్చే జనం పలచబడే రోజులు. వాళ్లు మా గుడారాల్లో దిగారు. ఎర్రకొండల మీద తొలి ఎండ పడటం చూడాలని ముచ్చటపడితే పెందలాడే బయల్దేరదీశాం. మా అబ్బాయి ఫర్రాజ్ జీపు తోలాడు. ఒంటెమెడ అని మేము పిలిచే రాతి దగ్గర మమ్మల్ని దింపి, టీ కాచడానికి ఎండుపుల్లలు ఏరుకుంటున్నాడు.

వచ్చినవాళ్లకి రాళ్లు చూపించడం ఫర్రాజ్ వంతు, ఇసుక చూపించడం నా వంతు. రాళ్లదేముంది, తల పైకెత్తితే ఎవడికైనా కనిపిస్తాయి. అంతంత ఎత్తున నిలబడి ఉంటాయి, ఎక్కడికీ పోవు. ఇసుకని మాత్రం చదవాలి, అదీ గాలి లేవకముందే. నేను బడికి పోలేదు గానీ ఈ చదువులో నన్ను మించినవాడు మా తెగలో లేడు. మనిషి అడుగైనా ఒంటె అడుగైనా ఒకసారి చూస్తే చచ్చేదాకా మరిచిపోను. ఒకప్పుడు ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు నాకోసం మనిషిని పంపేవారు. ఇప్పుడు దొంగలు జీపుల్లో తిరుగుతున్నారు, నాకు పరదేశీయుల చప్పట్లు మిగిలాయి. చప్పట్లకి కూడా మనిషి అలవాటు పడిపోతాడు.

"ఇదిగో, ఇలా రండమ్మా," అని ఇంగని పిలిచాను, నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో. "ఆడమనిషి నడిచింది. వయసులో ఉంది. ప్లాస్టిక్ చెప్పులు, కొత్తవి, మడమ దగ్గర ఇంకా అరగలేదు. తెల్లారకముందే వెళ్లింది."

"ముందే అని ఎలా తెలుసు?"

"ఈ సన్నగీత చూశారా? నల్లపురుగుది. రాత్రంతా తిరిగి, వెలుగు రాగానే ఇసుకలో దూరిపోతుంది. దాని గీత అడుగు మీదుగా పోయింది. అంటే అడుగు ముందు, పురుగు తర్వాత. ఇప్పుడు ఎడమ అడుగు చూడండి, లోతుగా దిగింది. కుడిది తేలిక. ఎడమ చంకన బిడ్డ ఉంది. రెండేళ్లు ఉండవు."

ఇంగ తెలివైన మనిషి. వంగి రెండు అడుగులూ చూసి, "బిడ్డే ఎందుకు కావాలి? మూట కావచ్చుగా," అంది.

నేను ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. ఆవిణ్ణి రాతి చాటుకి తీసుకెళ్లాను. అక్కడ ఆ ఆడమనిషి కాసేపు కూర్చుంది. కూర్చున్నచోటికి పక్కన చిన్న పల్లం, పల్లం చుట్టూ వేళ్ల గీతలు, ఓ వారగా నాలుగైదు గులకరాళ్లు.

"మూటైతే దబ్బున పడేస్తారు," అన్నాను. "ఈమె ముందు రాళ్లు ఏరేసింది. అరచేత్తో ఇసుక చదును చేసింది. అప్పుడు దించింది. మూట కోసం రాళ్లు ఏరేవాళ్లుంటారా?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లాయన ఆ పల్లానికి ఫోటోలు తీశాడు, తీసి నాకు చప్పట్లు కొట్టాడు. ఫర్రాజ్ టీ గ్లాసులు పట్టుకొచ్చి, "మొదలెట్టాడా? ఇక మధ్యాహ్నం దాకా ఆపడు మా నాన్న," అన్నాడు.

"ఎవరామె?" అని అడిగింది ఇంగ.

"మావాళ్లు కాదు. మా ఆడవాళ్ల అడుగులు నాకు తెలీకపోవడమేమిటి? ఎవరో మేకలవాళ్లు అయ్యుంటారు."

"ఒంటరిగా ఉంది. చంకలో పసిబిడ్డ. ఎండ ఎక్కుతోంది కదా, ఒకసారి వెళ్లి చూసొద్దామా?"

నేను నవ్వాను. "ఇక్కడి ఆడవాళ్లకి ఎండ పుట్టిల్లమ్మా. మీరు టీ తాగండి, చల్లారిపోతుంది."

ఆవిడ ఆ అడుగులు పోయిన వైపు చూస్తూనే టీ తాగింది. నేను ఇంకో గ్లాసు పోసుకున్నాను. ఆ రెండో గ్లాసు తలుచుకుంటే నాకు నామీద అసహ్యం వేస్తుంది.

తిరిగి గుడారాలకి వచ్చేసరికి హిలైల్ జీపు వేసుకుని వచ్చి ఉన్నాడు. వాడు మా బాబాయి కొడుకు. నాకంటే పదేళ్లు చిన్న, నోరు మాత్రం పదేళ్లు పెద్ద. ఆ పూట ఎగతాళి ఏమీ లేకుండా, "అన్నా, వదిన ఇంట్లో లేదు. అమ్షా లేచి చూసేసరికి తలుపు బార్లా తీసుంది," అన్నాడు.

వదిన అంటే నా భార్య ముజ్నా. మూడేళ్లుగా ఆమెకి మతిమరుపు. మొదట ఉప్పు వేశానో లేదో మరిచిపోయేది, తర్వాత మనవరాళ్ల పేర్లు, తర్వాత ఊరు. సిమెంటు ఇంట్లో కూర్చుని, గుడారం ఎప్పుడు విప్పేశారు, ఒంటెలేవి అని అడిగేది. మా కోడలు అమ్షా పసిపిల్లతో పాటు ఆమెనీ కనిపెట్టుకుని ఉండేది. నేనూ ఫర్రాజూ గుడారాల దగ్గర, అతిథుల మధ్య. నిజం చెప్పాలంటే, నేను అక్కడ ఉండటానికి అతిథులొక వంక. నన్ను చూసి ముజ్నా ఒక్కో రోజు ఎవరివి నువ్వు అన్నట్టు చూసేది, ఆ చూపుకి నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

ఊళ్లోకి పోయి గుమ్మం దగ్గర నేల చూశాను. ముజ్నా చెప్పులు తలుపు పక్కనే ఉన్నాయి. అయితే ఉత్తకాళ్లతో పోయింది అనుకున్నాను. ఉత్తకాళ్ల అడుగు, అందులోనూ ముజ్నా అడుగు. పన్నెండేళ్ల కింద గాడిద మీంచి పడ్డప్పటినుంచి ఆమె కుడి మోకాలు సరిగ్గా వంగదు, కాలు ఈడుస్తుంది. అడుగు, గీత. అడుగు, గీత. గుమ్మం నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి మేకలదొడ్డి దాకా రోజూ చూసిన రాత అది. కానీ ఊళ్లో ఇసుక ఇసుకలా ఉంటేనా, జీపు చక్రాలు, మేకలు, బడిపిల్లలు కలిసి చిలికేశారు. ఊరి చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఆ గీత ఎక్కడా కనబడలేదు.

హిలైల్‌ని ఉత్తరంగా ముజ్నా అన్నగారి ఊరికి తోలాను. కుర్రకారుని జీపుల్లో పాతబావి వైపు, శ్మశానం వైపు పంపాను. ఎండ నడినెత్తికి వస్తోంది. నీళ్ల క్యాను కదలలేదని అమ్షా చెప్పింది. నీళ్లు లేకుండా ఆ ఎండలో ఒక ముసలి ప్రాణం ఎన్ని గంటలు నిలుస్తుందో మా ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు.

ఫర్రాజ్ నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, "నాన్నా, పొద్దున చూసిన అడుగులు..." అన్నాడు.

"ఏమిటి పొద్దున అడుగులు?"

"ఏమో, ఒకసారి వాటి వెంట పోయి చూస్తే..."

"అది పడుచుపిల్ల అడుగురా. చంకన బిడ్డ ఉంది. మీ అమ్మ కాలు ఈడుస్తుంది. నాకు అడుగులు నేర్పుతావా నువ్వు? చక్రం లేకపోతే పక్కింటికి దారి తెలీదు నీకు."

వాడు తల దించుకుని వెళ్లిపోయాడు. ఉత్తరాన్నించి ఉత్త చేతులతో తిరిగొచ్చిన హిలైల్ ఆ మాటలు విన్నాడు. "నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు కదన్నా," అన్నాడు. వాడి నోరు అంతేలే అనుకున్నాను.

మధ్యాహ్నం ప్రార్థన వేళకి ఒక్కో జీపూ తిరిగొచ్చింది. నేను గుమ్మంలో కూలబడ్డాను. అమ్షా నీళ్లు తెచ్చింది. తెచ్చి, వెళ్లకుండా నిలబడింది.

"మామయ్యా, ఒక మాట. చెప్పొచ్చో లేదో తెలీదు."

"చెప్పమ్మా."

"నా చెప్పులు కనిపించట్లేదు. మొన్న అకబాలో కొన్నవి. ఏ పిల్ల వేసుకుపోయిందో అనుకున్నా. ఇప్పుడు వంటకని చూస్తే పిండి సంచీ లేదు. ఏడెనిమిది కిలోలు ఉండాలి అందులో. పసిదాని దుప్పటి కూడా లేదు."

మాట్లాడుతూ పిల్లని ఎడమ చంకలోకి మార్చుకుని లోపలికి పోయింది. నేను ఆమె పాదాల వంక చూస్తున్నాను. బిడ్డ బరువంతా ఎడమ కాలి మీద వాలింది. కుడికాలు తేలిగ్గా, ఈడవకుండా లేస్తోంది.

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేను వెతికింది అలాగే. అడుగులు నా కళ్లముందే పరిచి ఉంటే, వాటి పక్కన కూర్చుని టీ తాగాను. వాటిని పరదేశీయులకి కథ చెప్పాను. అది రెండేళ్లు నిండని బిడ్డ అని, తల్లి రాళ్లు ఏరిందని, అన్నీ నేనే చెప్పాను. ఆ తల్లి ఎవరో మాత్రం నాకు తట్టలేదు. తను ఇంకా పడుచుదాన్నే అనుకుని నడిచిన ముజ్నా, కుంటి మోకాలిని కూడా మరిచిపోయింది.

ఆమె ఎక్కడికి పోతోందో కూడా అప్పుడే తెలిసింది. ముప్పై ఎనిమిదేళ్ల కింద మాకు శత్వా అని కూతురు ఉండేది. చలికాలపు వానల్లో పుట్టిందని ఆ పేరు పెట్టాం. ఫర్రాజ్‌కి ముందు పుట్టింది. ఆ ఏడు మా గుడారం కొండల నడుమ ఉండేది. మా షేకు గారి పన్నెండు ఒంటెలు తప్పిపోతే వెతకడానికి నన్ను పిలిచారు. పంతొమ్మిది రోజులు వెతికి, సరిహద్దు దాకా పోయి, పన్నెండింటినీ తోలుకొచ్చాను. అందరి ముందూ షేకు తన భుజం మీది అంగీ తీసి నా భుజాన కప్పాడు. దాన్ని కప్పుకుని ఇంటికొస్తే బిడ్డ లేదు.

జ్వరం అట. రైలుకట్ట దగ్గర పోలీసు ఠాణాలో ఒక కాంపౌండరు ఉండేవాడు. గుడారాల్లో మగవాళ్లెవరూ లేకపోతే ముజ్నా బిడ్డని చంకన వేసుకుని తెల్లారకముందే కాలినడకన బయల్దేరింది. దారిలోనే బిడ్డ ప్రాణం పోయింది. తన చేతుల్తోనే పాతిపెట్టి వెనక్కి వచ్చింది. ఎక్కడ అని అడిగాను. "కొండల్లో," అంది. రెండోసారి అడగలేదు నేను. అప్పటికే గాలి అన్నీ తుడిచేసి ఉంటుంది, ఇంకేం చూస్తాం అనుకున్నాను. అది వంక. ఊరి దొంగలందరి అడుగులూ పట్టుకుని పోయినవాణ్ణి, ఆ ఒక్క అడుగుల వెంట పోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. షేకు అంగీ మాత్రం పదేళ్లు కప్పుకున్నాను.

జీపెక్కి ఒంటెమెడ దగ్గరికి పోయేసరికి గాలి లేచింది. పొద్దున నేను పాఠం చెప్పిన ఇసుక పలకలా తుడిచేసి ఉంది. అంతకుముందు దారిలో గుడారాల దగ్గర ఆగి నీళ్లు నింపుకుంటుంటే ఇంగ ఎదురొచ్చింది. ఫర్రాజ్ ఏం చెప్పాడో, ఆవిడకి విషయం తెలిసింది. నా వంక చూసింది. చూసొద్దామా అని అడిగాను కదా అని ఒక్క మాటంటే బాగుండేది. ఆవిడ నీళ్లసీసాలు తెచ్చి జీపులో పెట్టింది.

గాలి మైదానాన్ని తుడుస్తుంది గానీ రాతి మరుగున ఇసుక జోలికి పోదు. అందుకని ఒక్కో కొండ చాటుకీ దిగి చూసుకుంటూ పోయాం. రెండో కొండ చాటున అడుగు దొరికింది. అక్కడ కూడా కూర్చుంది, అక్కడ కూడా రాళ్లు ఏరింది, చదును చేసింది. నాలుగో కొండ చాటున మళ్లీ. ఆగినచోట్లు దగ్గరపడుతున్నాయి. ఐదో కొండ దగ్గర కుడికాలు ఈడవడం మొదలైంది. అడుగు, గీత. పొద్దున్నించీ నేను వెతికిన అడుగు అదే, ముజ్నా అలిసిపోయి కూలబోతున్నప్పుడు దొరికింది. ఫర్రాజ్ ఆ గీత చూశాడు. నన్ను ఏమీ అనలేదు. వాళ్లమ్మ పోలిక.

కిటికీల కొండ అని ఒకటుంది. గాలి తొలిచిన తొర్రలు నిలువునా ఉంటాయి, పరదేశీయులు వాటి కింద నిలబడి ఫోటోలు దిగుతారు. ఎన్ని వందలమందిని తీసుకొచ్చి ఉంటామో అక్కడికి. దాని వెనక మనిషి పట్టేంత చీలిక ఉంది. లోపలికి ఎండ రాదు. గీత అందులోకి పోయింది. ఫర్రాజ్‌ని జీపు కొండ చుట్టూ తిప్పి తీసుకురమ్మని, నేను నీళ్లసీసాతో లోపలికి నడిచాను.

ముజ్నా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో దుప్పట్లో చుట్టిన మూట. పెదాలు పగిలి రక్తం ఎండిపోయింది. బతికే ఉంది.

"ముజ్నా," అని పిలిచాను.

తలెత్తి చూసి ముసుగు ముఖం మీదికి లాక్కుంది. నలభై రెండేళ్ల కాపురంలో నన్ను చూసి ముసుగు లాక్కోవడం అదే మొదలు.

"ఎవరు పెద్దాయనా? నీళ్లున్నాయా?"

సీసా ఇచ్చాను. తను తాగలేదు. వేలు తడిపి, దుప్పటి మడత తీసి, మూటకి తగిలించింది. తడిసినచోట పిండి ముద్ద కట్టింది.

"తాగట్లేదు," అంది. "పొద్దున్నించీ ఇంతే."

"నువ్వు తాగమ్మా. నువ్వు తాగితే అదీ తాగుతుంది."

రెండు గుక్కలు తాగింది. మెల్లిగా ఇంకో రెండు తాగించాను.

"రైలుకట్టకి పోతున్నా," అంది. "అక్కడ మందిచ్చే ఆయన ఉన్నాడంట. నాలుగు రోజులు ఒళ్లు కాలిపోయింది దీనికి. ఇప్పుడు చల్లబడింది." మూట మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. "మరీ చల్లబడింది, పెద్దాయనా."

సీసా మళ్లీ అందించాను.

"వాళ్ల నాన్న లేడు," అంది, నేను అడిగినట్టే. "షేకు ఒంటెల వెనక పోయాడు. వచ్చేస్తాడు. గుడారం ఖాళీగా ఉంటే నా అడుగులు పట్టుకుని ఇక్కడికే వస్తాడు. నీకు మా ఆయన సంగతి తెలీదు. వెయ్యిమంది ఆడవాళ్లు నడిచిన దారిలో నా అడుగు పోల్చుకుంటాడు."

గోడ పట్టుకుని నిలబడ్డాను. అరవయ్యారేళ్లలో నన్ను ఎవరూ అంత తిట్టు తిట్టలేదు.

"నేనే, ముజ్నా. సువైలిమ్‌ని."

ముసుగు వెనక నవ్వింది, పెద్దవాణ్ణని మర్యాదకి. "తప్పు పెద్దాయనా. మా ఆయన పడుచువాడు. కష్టంలో ఉన్న ఆడదానితో వేళాకోళాలు బాగుండవు."

కాసేపటికి మూటని గుండెకి దగ్గరగా తీసుకుని, "ఇక మందక్కర్లేదు దీనికి," అంది. "నాకు చేతుల్లో బలం లేదు. నీకు పుణ్యముంటుంది, ఒక చిన్న గుంట తియ్యి. వాళ్ల నాన్న వచ్చేదాకా ఉంచడానికి లేదు, ఎండగా ఉంది."

సరేనని గోడవారన ఇసుక మెత్తగా ఉన్నచోట కూర్చుని చేతుల్తో తియ్యబోయాను.

"అక్కడ కాదు," అంది. "అక్కడ ఎవరి బిడ్డో ఉంది."

అప్పుడు చూశాను. గులకరాళ్లు రెండు మూరల పొడవున వరసగా పేర్చి ఉన్నాయి, సగం ఇసుకలో కూరుకుపోయి. తల వైపు ఒక పలకరాయి నిలబెట్టి ఉంది. చేతికందే ఎత్తులో గోడ మీద మా తెగ ఒంటెలకి వేసే ముద్ర గీసి ఉంది, వంకరగా, రాతితో గీసినట్టు. ముజ్నాకి ఆ ముద్ర తప్ప ఇంకే రాతా రాదు. కొండ ముందు నిలబడి ముప్పై ఏళ్లుగా పరదేశీయులకి కబుర్లు చెప్పాను. వెనక నా కూతురు ఉంది.

ఆ పక్కనే గుంట తీశాను. ఫర్రాజ్ వచ్చి చూసి, నా చెవి దగ్గర, "నాన్నా, అది పిండి. దేవుడిచ్చిన అన్నం, మట్టిలో పెడతావా? పాపం కాదూ?" అన్నాడు.

"నోరు మూసుకుని రాళ్లు ఏరుకు రా," అన్నాను.

వాడు వాళ్లమ్మ వంక చూశాడు, గోడవారనున్న ఆ రాళ్ల వరస చూశాడు, వెళ్లి రాళ్లు తెచ్చాడు. ముజ్నా మూటని రెండు చేతులా నాకు అందించింది. "తల పట్టుకో," అంది. తల ఎటో నాకు తెలీలేదు, తనే నా చెయ్యి జరిపింది. "కిబ్లా వైపు తిప్పు ముఖం." మేము ప్రార్థన చేసే దిక్కుకి తిప్పాను. ఇసుక కప్పాను. నాకొచ్చిన ప్రార్థన చదివాను, ఫర్రాజ్ వెనక నిలబడి చదివాడు. నేను ఏడుస్తుంటే ముజ్నా, "నీకూ ఆడపిల్లలున్నారా పెద్దాయనా?" అని అడిగింది. "ఒకతి ఉండేదమ్మా," అన్నాను.

ఆసుపత్రిలో సెలైను ఎక్కించి నాలుగు రోజులు ఉంచారు. బతికింది. అదృష్టవంతుడివన్నా అన్నాడు హిలైల్, మనస్ఫూర్తిగానే అన్నాడు. గుడారాల పని ఫర్రాజ్‌కి వదిలేసి నేను ఇంటికొచ్చేశాను. పరాయి మగవాడు ఇంట్లో తిరగడం ముజ్నాకి ఇబ్బందని నా పక్కబట్టలు మగవాళ్ల గదిలో వేసుకున్నాను. అడుగులు చదవమని ఎవరైనా వస్తే కళ్లు కనిపించట్లేదని చెప్పి పంపేశాను.

ఆ చలికాలం దాకా ఉంది ఆమె. ఇంట్లో ఎవరినీ పోల్చుకునేది కాదు గానీ నన్ను పోల్చుకునేది, గుంట తీసిన పెద్దాయనగా. నాకు పెట్టకుండా ఎవరినీ తిననిచ్చేది కాదు. "నా బిడ్డకి తండ్రి లేనప్పుడు ఈయన ఉన్నాడు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. టీ తనే కాచి, ముసుగు సర్దుకుని, గుమ్మం ఇవతల గ్లాసు పెట్టేది.

ఒకరోజు గ్లాసు పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"పెద్దాయనా, మా ఆయన వస్తే నువ్వే చెప్పాలి. నాకు నోరు రాదు. బిడ్డంటే ప్రాణం ఆయనకి. దారి తెలిస్తే రాకుండా ఉండేవాడు కాదని చెప్పు. నేనేమీ అనుకోలేదని చెప్పు."

"చెబుతానమ్మా," అన్నాను.